ఆదివారం ఐసు

ప్రొద్దుటూరు,
ఫిబ్రవరి 9

జమ్మలమడుగు న్యూ స్టార్ టైలర్స్ నబీ రసూల్ గారికి,

నమస్కారం. మీరు నన్ను ఎరగరు. నేను శ్రావణ్ తల్లిని, కామాక్షమ్మను. ప్రొద్దుటూరులో మాది బట్టల అంగడి. వాడు పోయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. డిసెంబరులో ఎర్రగుంట్ల దారిలో లారీ కొట్టింది. ఆ కబురు నాకు ఫోనులో వచ్చింది. అప్పటినుంచి నేను ఫోను ముట్టడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

వాడి గది సర్దుతుంటే మంచం కింద పొడుగాటి గుడ్డ సంచి దొరికింది. లోపల గాలం కర్ర, దారం చుట్టే చక్రం, చిన్న డబ్బాలో కొక్కేలు ఉన్నాయి. సంచి మా అంగట్లోని చారల గుడ్డతోనే కుట్టి ఉంది. అంచున మీ లేబుల్ ఉంది. దాన్నిబట్టే మీ చిరునామా తెలిసింది.

మేం కోమట్లం. మా వంటింట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. వాడు ఆదివారం వస్తే జమ్మలమడుగులో క్రికెట్ అని చెప్పి పోయేవాడు. పోతూ పోతూ ఫ్రిజ్‌లోని ఐసంతా ఫ్లాస్కులోకి దులుపుకొనేవాడు. "ఎందుకురా అంత ఐసు?" అంటే, "నిమ్మకాయ షర్బత్‌కమ్మా, ఆడ ఎండ శానా ఉంటాది" అనేవాడు. కొన్ని ఆదివారాలు రాత్రి అన్నం వద్దనేవాడు. బయట ఏదో తిని వచ్చాడని నేను తిట్టేదాన్ని. ఆ తిట్లు ఇప్పుడు నన్నే తింటున్నాయి.

మా ఆయన రాఘవేంద్రప్రసాద్ ఆ గాలం కర్రను చూసిన రోజునుంచి కొడుకు పటం ముందు నిలబడడం లేదు. "మనింట్లో పుట్టి చేపల్ని చంపినాడా" అని ఒక్కసారే అన్నాడు. నెలనెలా మాసికం పెట్టేటప్పుడు పంతులు చెప్పినట్టు ఆయన చేతులు కదులుతాయి, ముఖం మాత్రం గోడవైపు ఉంటుంది.

నాకు ఒక్క మాట కావాలి. నా కొడుకు ఎప్పుడైనా ఒక ప్రాణం తీశాడా? ఉన్నది ఉన్నట్టు రాయండి.

కామాక్షమ్మ


జమ్మలమడుగు,
ఫిబ్రవరి 15

అమ్మగారికి నబీ రసూల్ సలాములు.

మీ ఉత్తరం జేబులో పెట్టుకొని తిరుగుతున్నాను. కాగితం తీసుకోవడం, మళ్ళీ మిషను మీద కూర్చోవడం. నిన్న ఒకాయన ప్యాంటు ఒక కాలు పొట్టిగా కుట్టేశాను. నా పరిస్థితి అట్లా ఉంది.

మీరు నన్ను ఎరగకపోయినా మీ చేతి పెరుగన్నాన్ని నేను ఎరుగుదును. శ్రావణ్ డబ్బాలో సగం నాదే. దాంట్లోని చింతకాయ తొక్కు గురించి మా ఇంటామె షరీఫాకు చెబితే, అయితే ప్రొద్దుటూరుకే పోయి ఉండమంది.

మూడేండ్ల కిందట మీ అంగడి తరఫున లంగాలు కుట్టడానికి ఇచ్చిపోను వచ్చి, మూలన ఉన్న నా గాలం చూశాడు. "ఏంది మామా ఇది, నాకూ నేర్పిస్తావా?" అన్నాడు. ఊరి అవతల పెన్నలో ఒక మడుగు ఉంది. ఏరంతా ఇసుకైపోయినా అందులో నీళ్ళు నిలుస్తాయి. ఆదివారాలు మేం నలుగురైదుగురం అక్కడ గాలం వేస్తాం. తక్కినవాళ్ళం కూరకోసం వస్తాం. వాడు మాత్రం పట్టిన చేపను తడిచేత్తో పట్టుకొని, నొప్పి కాకుండా కొక్కెం తీసి, "పోప్పా, మీ అమ్మ ఎదురుచూస్తాంటాది" అని నీళ్ళలో వదిలేవాడు. మేం నవ్వేవాళ్ళం. తరువాత తరువాత చిన్న చేపలు పడితే మేమూ అదే మాట అని వదలడం మొదలుపెట్టాం.

మీరు అడిగినదానికి జవాబు: లేదు. శ్రావణ్ ఏ ప్రాణమూ తీయలేదు.

మీరు అన్నం సరిగ్గా తినండమ్మా.

నబీ రసూల్


ప్రొద్దుటూరు,
మార్చి 8

తమ్ముడు నబీ రసూల్‌కు,

వాడు నిన్ను మామా అన్నాడంటే నువ్వు నాకు తమ్ముడివే కదా. ఇక మీరు అని రాయలేను.

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. "లేదు" అన్న చోటు మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. లేచి పోయి భుజం మీది తువ్వాలుతో కొడుకు పటం తుడిచాడు. అంచులు తుడిచాడు, వెనక కూడా తుడిచాడు. డిసెంబరు తరువాత మేమిద్దరం ఒకచోట కూర్చొని ఏడ్చింది ఆ రోజే. నువ్వు ఆ ఒక్క మాట రాసి మా ఇంటికి ఎంత మేలు చేశావో నీకు తెలియదు.

ఆ తరువాత నాకొక ఆలోచన వచ్చింది. వాడు చేపల్ని ప్రాణంతో వదిలేవాడు కదా, నెలనెలా వాడి తిథికి నేనూ కొన్నిటిని నీళ్ళలో వదులుతాను అనుకున్నాను. మొన్న మా గుమాస్తాను వెంటబెట్టుకొని చేపల వీధికి పోయాను. పుట్టి బుద్ధెరిగాక అటు అడుగు పెట్టింది లేదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, ప్రాణమున్నవి ఏవని అడిగాను. అన్నీ ఐసులో పడుకున్నవే. ఒకాయన మాత్రం నీలం డ్రమ్ము మూత తీసి చూపించాడు. నల్లగా, నున్నగా, పిల్లికి ఉన్నట్టు మీసాలతో ఒకదాని మీద ఒకటి పొర్లుతున్నాయి.

"నీళ్ళలో వదిల్తే బతుకుతాయాప్పా?" అన్నాను.

"బతకడమేందమ్మా, బురదలో ఏసినా బతుకుతాయి. శానా గట్టి ప్రాణం."

ఆ మాట విని నా కడుపు చల్లబడింది. పాలక్యానులో పోయించుకొని ఆటోలో మీ మడుగుకు వచ్చాను. నీ అంగడి మూసి ఉంది. గుమాస్తా నీళ్ళదాకా దిగి క్యాను వంచితే, ఒక్కసారి తోక కొట్టి అన్నీ లోపలికి పోయాయి. నేను గట్టుమీద తుమ్మచెట్టు నీడన నిలబడి చూశాను. చెట్టుకు ఏదో బోర్డు వేలాడుతోంది. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాను, చదవలేదు. వాడు అక్కడే కూర్చునేవాడా, తమ్ముడూ?

మీ అక్క కామాక్షమ్మ


జమ్మలమడుగు,
మార్చి 14

అక్కకు సలాం.

మీరు వచ్చింది శుక్రవారం, నేను నమాజుకు పోయాను. ముందే ఒక కార్డు రాసి ఉంటే ఎదురు వచ్చేవాణ్ణి. అవును, వాడు ఆ తుమ్మచెట్టు కిందే కూర్చునేవాడు. ముళ్ళున్నాయి రా అంటే వినేవాడు కాదు. మీ అంగడి గోనెపట్టా మడిచి వేసుకొని కూర్చునేవాడు.

చేపల సంగతి. ఆ వీధి మీకు తగినది కాదక్కా. ఆ వాసనకు మాకే తల తిరుగుతుంది. వాడి పేరున ఏదైనా చేయాలంటే దారులు ఎన్నో ఉన్నాయి. మడుగులో బొరుగులు చల్లినా చిన్న చేపలు వచ్చి తింటాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. లేదంటే ఇక్కడి మిషన్ ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్ళు ఎండలో కూర్చొని ఉంటారు. వాళ్ళకు అన్నం పొట్లాలు ఇస్తే వాడు సంతోషపడతాడు. నేను వెంట ఉండి పంచిపెడతాను.

ఆ డ్రమ్ములోవి మాత్రం వద్దులే. ఇంకేం రాయాలో తోచడం లేదు. రంజాను కుట్టుపని ఇప్పటినుంచే మొదలైంది.

తమ్ముడు నబీ


పులివెందుల,
ఏప్రిల్ 5

తమ్ముడు నబీకి,

మా కూతురు మంజుశ్రీకి నెలలు నిండుతున్నాయి. ప్రయాణం వద్దని డాక్టరమ్మ చెప్పింది. పుట్టింటికి దాన్ని తెచ్చుకోలేక నేనే పులివెందుల వచ్చాను. అల్లుడు మంచివాడే గానీ వంట రాదు. మిరపపొడికీ కుంకుమకూ తేడా తెలియని మనిషి.

నీ బొరుగుల ఉత్తరం చదివి నవ్వుకున్నాను. అన్నం పొట్లాలు ఎవరైనా పంచుతారు. నా కొడుకు చేసిన పని వేరు. అదే నేను చేస్తాను. నాకు ఆ వీధి వాసన పట్టింపు లేదు. డిసెంబరు తరువాత నేను ఒక్క రాత్రైనా నిద్రపోయానంటే అది ఆ చేపలు నీళ్ళలోకి పోవడం చూసిన రోజే. కళ్ళు మూసుకుంటే తోక కొట్టి పోయే చేప కనపడుతుంది. లారీ కనపడదు.

ఈ తిథికి నేను రాలేను కాబట్టి గుమాస్తా క్యాను తెచ్చి నీకిస్తాడు. నీ చేత్తో వదులు. వాడి మామవి, నీకు ఆ హక్కు ఉంది. వదిలేటప్పుడు వాడు అనే మాట కూడా అను. "మీ అమ్మ ఎదురుచూస్తాంటాది" అని.

అక్క కామాక్షమ్మ


జమ్మలమడుగు,
ఏప్రిల్ 13

అక్కకు,

క్యాను అందింది. వదిలాను. ఖాళీ క్యాను గుమాస్తాకు ఇచ్చి పంపాను.

మంజుశ్రీ జాగ్రత్త.

నబీ రసూల్


పులివెందుల,
మే 9

తమ్ముడు నబీకి,

మంజుశ్రీకి ఆడపిల్ల పుట్టింది. ముక్కు అచ్చం వాడిదే. ఎత్తుకున్నప్పుడు సంతోషమో దుఃఖమో తెలియక ఆ పసిబిడ్డ తలంతా నా కన్నీళ్ళతో తడిపేశాను.

నీ పోయిన ఉత్తరం ఎందుకో ముక్తసరిగా ఉంది. పని ఒత్తిడి అనుకుంటాను. నీకొక మంచి కబురు. మా ప్రొద్దుటూరు భజన మండలి ఆడవాళ్ళకు నేను చేసే పని గుమాస్తా ద్వారా తెలిసింది. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క దిగులు ఉంటుంది కదా. ఒకామెకు కొడుకు జబ్బు, ఒకామెకు పోయిన మొగుడు. వచ్చే తిథికి అందరూ తలా ఒక క్యాను తెచ్చి మీ మడుగులోనే వదులుతామని అంటున్నారు. ఆ డ్రమ్మాయనకు అప్పుడే చెప్పి పెట్టారట, ఎక్కడినుంచో వ్యాను నిండా తెప్పిస్తానన్నాడు. అన్నిటికంటే ముఖ్యం, మా ఆయన కూడా వస్తానన్నాడు. "నా చేత్తో వదుల్తా. వాడిని అనుమానించినందుకు అదే నాకు ప్రాయశ్చిత్తం" అన్నాడు.

నువ్వు దగ్గరుండి అందరికీ చోటు చూపించాలి. షరీఫాను కూడా తీసుకురా, చింతకాయ తొక్కు తెస్తాను.

అక్క


జమ్మలమడుగు,
మే 14

అక్కకు,

ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన మంజుశ్రీ ఉండేలా చూసుకోండి.

మీరు పంపిన చేపలను నేను వదల్లేదు. చంపి గట్టుమీద పూడ్చాను. వదిలానని మీకు అబద్ధం రాశాను. అంతకుముందు ఇంకో అబద్ధం రాశాను. దాన్ని దాచడానికే ఈ రెండోది రాశాను.

ఆ డ్రమ్ములోది ఆఫ్రికా క్యాట్‌ఫిష్. మన దేశపు చేప కాదు. దాన్ని పెంచడం, అమ్మడం ప్రభుత్వం ఎప్పుడో నిషేధించింది. అయినా దొంగచాటుగా గుంతల్లో పెంచి తెచ్చి అమ్ముతారు. అందరి దగ్గరా చచ్చిన చేపలే ఉండి అతని దగ్గర ఒక్కటే ప్రాణంతో ఎందుకు ఉందంటే, అది నీళ్ళు లేకపోయినా గాలి పీల్చి బతుకుతుంది కాబట్టి. నోట్లో పట్టిన ప్రతిదాన్నీ మింగుతుంది. మన కొర్రమీను పిల్లల్ని, జెల్లల్ని, పరిగెల్ని, గుడ్లను కూడా వదలదు.

రెండేండ్ల కిందట పెన్నకు నీళ్ళొచ్చినప్పుడు ఎక్కడినుంచో ఈ మడుగులోకి చేరింది. మొదటిసారి శ్రావణ్ గాలానికి తగిలితే వాడూ అన్నిటిలాగే దాన్ని వదిలాడు. మరుసటి ఎండాకాలానికి మడుగులో చిన్న చేప లేదు. ఏ గాలం తీసినా అదే మీసాల చేప. చేపల ఆఫీసునుంచి ఒకాయన వచ్చి మాకు అన్నీ వివరించాడు. అప్పుడు గాలాలవాళ్ళం అందరం ఒక కట్టుబాటు చేసుకున్నాం. ఈ చేప తగిలితే మళ్ళీ నీళ్ళలో వదలకూడదు. ప్రాణంతో ఇంకో చోటికి తీసుకుపోకూడదు. గట్టుమీదే చంపి పూడ్చాలి. తుమ్మచెట్టుకు మీరు చూసిన బోర్డు అదే. మా అందరిలో చేతిరాత బాగున్నది వాడిదే కాబట్టి వాడే రాశాడు.

రాసినప్పటినుంచి వాడికి తిండి ఒంటబట్టలేదు. ఆ కట్టుబాటు తరువాత మొదటిది వాడికి తగిలినప్పుడు నేను అన్నాను, "నువ్వు అట్ల తిరుక్కో, నేను చూసుకుంటా" అని. వాడు ఒప్పుకోలేదు. "నేను పట్టిన చేప మామా. నీ చేతికి పాపం అంటించి, నేను ఇంటికి పొయ్యి పెరుగన్నం తినాల్నా?" అన్నాడు.

తరువాతి ఆదివారం ఫ్లాస్కు నిండా ఐసు తెచ్చాడు. "ఐసునీళ్ళలో పెడితే మత్తుకు పోతాదంట మామా. అప్పుడు కొడితే దానికి తెల్దంట" అన్నాడు. ప్రతిసారీ అంతే. డబ్బాలో ఐసు పోసి, చేపను పెట్టి, అది కదలకుండా అయ్యేదాకా పక్కనే కూర్చునేవాడు. తల మీద కొయ్యసుత్తితో ఒకటే దెబ్బ. గుంత తీసి పూడ్చేవాడు. ఇసుకతో చేతులు ఎర్రగా అయ్యేదాకా తోముకొనేవాడు. ఆ రోజు ఇక గాలం ముట్టేవాడు కాదు. మేం తలా ఒకటి చంపి మరిచిపోయేవాళ్ళం. వాడు ప్రతిదాన్నీ మనసులో మోసుకొని ఇంటికి పోయేవాడు.

"మా యమ్మకు మాత్రం చెప్పొద్దు మామా, అన్నం తినదు" అని నా చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. మీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు ఆ చెయ్యే గుర్తుకొచ్చింది. పోయినవాడికి ఇచ్చిన మాట, బతికున్న తల్లికి ఊరట, రెండూ ఒక్క మాటతో అవుతాయనుకున్నాను. ఆ మాట ఇట్లా క్యాన్లలో నీళ్ళకు వస్తుందని అనుకోలేదు.

పోయిన నవంబరుకు అవి తగలడం దాదాపు ఆగిపోయింది. పరిగెలు మళ్ళీ గుంపులుగా ఒడ్డుకు వచ్చాయి. వాడు మోకాళ్ళదాకా నీళ్ళలో దిగి, కాళ్ళ చుట్టూ అవి తిరుగుతుంటే గంటసేపు కదలకుండా నిలబడ్డాడు. అది చూసే పోయాడు. ఇప్పుడు మళ్ళీ మీసాల చేపలే తగులుతున్నాయి.

అక్కా, భజన మండలివాళ్ళను ఆపండి. ఒక క్యానుకే మడుగు ఇట్లా అయింది. వ్యాను వస్తే ఇంక అక్కడ ఏమీ మిగలదు. వాడు చేసినదంతా పోతుంది.

నన్ను ఎంత తిట్టినా పడతాను.

నబీ రసూల్


ప్రొద్దుటూరు,
మే 27

నబీ రసూల్ గారికి,

మీ ఉత్తరం చేరింది.

నా కొడుకు సుత్తితో చేపల తలలు కొట్టాడని మీరు రాశారు. వాడు చీమను కూడా కాగితం మీద ఎక్కించుకొని బయట వదిలే పిల్లవాడు. చనిపోయిన పిల్లవాడి మీద మీ మడుగు కోసం, మీ కూర చేపల కోసం ఇట్లాంటి మాట వేస్తారా? మొదట అబద్ధం రాశానని మీరే ఒప్పుకున్నారు. ఇది నిజమని నేను ఎట్లా నమ్మాలి?

ఒకవేళ నిజమే అయితే ఆయనకు నేనేం చెప్పాలి? మీ "లేదు" అన్న మాట పట్టుకొనే ఆయన మనిషయ్యాడు. రోజూ పొద్దున పటం ముందు నిలబడి వాడితో మాట్లాడుతున్నాడు, ఆ రోజు అంగట్లో ఏం జరిగిందో చెబుతున్నాడు. మళ్ళీ గోడవైపు తిప్పమంటారా ఆ ముఖాన్ని?

మండలివాళ్ళకు ఈ తిథికి వద్దని చెప్పాను. మీ మాట నమ్మి కాదు, నాకు ఒంట్లో బాగాలేక.

ఇక ఉత్తరాలు రాయకండి.

కామాక్షమ్మ


జమ్మలమడుగు,
జూన్ 16

అక్కకు,

రాయొద్దన్నారు. ఇదొక్కటి రాసి ఊరుకుంటాను. మీరు చదవకుండా చించేసినా సరే.

మండలివాళ్ళను ఆపినందుకు మీకు దణ్ణం పెడుతున్నాను.

శ్రావణ్ మీద నేను మాట వేయలేదు. వాడిది తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. మా అందరిలో ఆ మడుగు కోసం బాధపడింది వాడొక్కడే. చంపడం చేతకానివాడు చంపాడు, ఎందుకంటే తాను మొదట వదిలిన చేప వల్లే ఇదంతా అని వాడి లెక్క. మీరు వాడిని కన్నారు, ఆ లెక్క మీకు నాకంటే బాగా తెలుస్తుంది.

నేను ప్రతి ఆదివారం పోతున్నాను. ఒక్కోరోజు తగులుతాయి, ఒక్కోరోజు తగలవు. బోర్డు అక్షరాలు ఎండకు వెలిసిపోతున్నాయి. మళ్ళీ రంగు వేద్దామని డబ్బా తీసుకుపోయాను గానీ, వాడి అక్షరం మీద నా కుంచె పెట్టలేకపోయాను.

పాపకు ఏం పేరు పెట్టారు?

నబీ


ప్రొద్దుటూరు,
జులై 2

తమ్ముడు నబీకి,

పాప పేరు లక్ష్మీప్రియ.

నీకు కోపంగా రాసిన తరువాత చాలా రోజులు నీ ఉత్తరం ముట్టలేదు. నమ్మలేక కాదు. చదివిన నిమిషానే నమ్మాను, అందుకే అంత కోపం వచ్చింది. ఐసు సంగతి నేనే కదా నీకు మొదట రాసింది. అన్నం వద్దన్న ఆదివారాల సంగతీ నేనే రాశాను. నాకు తెలిస్తే నేను అన్నం తిననని, నాకు తెలియకుండా వాడు తినకుండా పడుకున్నాడు. ఆ ఖాళీ కడుపు మీద నేను తిట్లు పెట్టాను. ఒక్క ఆదివారమైనా పక్కన కూర్చొని ఏమైందిరా అని అడిగి ఉంటే చెప్పేవాడేమో. ఇప్పుడు అడుగుతున్నాను, పటం జవాబు చెప్పదు.

వాడు అంత కష్టపడి తీసినదాన్ని నేను క్యానుతో తెచ్చి పోశాను తమ్ముడూ. పుణ్యమని పోశాను. వాడి చేతి రాతతో వద్దని బోర్డు ఉంటే, దాని నీడన నిలబడి పోశాను. ఈ బాధకు మందు ఎక్కడుందో నాకు తెలియదు.

మొన్న సాయంత్రం అంగడి మూసి వచ్చాక ఆయనకు నీ ఉత్తరం మొత్తం చదివాను. ఆపకుండా చదివాను, ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని. ఆయన లేచి పటం దగ్గరికి పోతుంటే, దాన్ని గోడకు తిప్పేస్తాడనుకున్నాను. తిప్పలేదు. చెయ్యి పెట్టి నిలబడి, "ఒగనివే యెట్ల మోసినావురా" అన్నాడు. అంతే. అన్నానికి పిలిస్తే వద్దన్నాడు. నేనూ తినలేదు.

మండలివాళ్ళకు నిజం చెప్పాను. కొందరు విన్నారు. ఒకామె మాత్రం, నా కొడుకు చేసిన పాపానికి నేను వాళ్ళ పుణ్యం ఆపుతున్నానంది. డ్రమ్మాయన దగ్గరికి పోయి వ్యాను వద్దని చెప్పాను. ఆయనకు నా మీద కోపం వచ్చింది. నేను వదిలినవి మాత్రం ఇంకా ఆ నీళ్ళలోనే ఉన్నాయి. అవి ఎన్ని పిల్లలు పెట్టాయో.

అందుకని ఈ ఆదివారం మేమిద్దరం వస్తున్నాం. గాలం వేయడం నాకు రాదు, నేర్చుకునే వయసూ కాదు. వాడి కర్ర తెస్తాను, నువ్వు వెయ్యి. ఆ చేప తగిలితే నువ్వు చేయి చేసుకోవద్దు. దాన్ని నాకివ్వు. కళ్ళనీళ్ళలో సరిగ్గా కనిపించకపోవచ్చు. అయినా నాకే ఇవ్వు. నేను వదిలిన చేప తమ్ముడూ. నీ చేతికి పాపం అంటించి, నేను ఇంటికొచ్చి పెరుగన్నం తినలేను.

కొర్రమీనో పరిగో తగిలితే మాత్రం వాడిలాగే వదులు. ఆ మాట ఈసారి నేను అంటాను.

బోర్డుకు రంగు నువ్వు వేయొద్దు. కళ్ళజోడు తెస్తున్నాను. ముందు నన్ను చదవనివ్వు.

నిన్న ఫ్రిజ్‌లో ట్రేలన్నీ కడిగి, నీళ్ళు పోసి పెట్టాను. ఆయన వంటింట్లోకి వచ్చి చూశాడు. ఇంత ఐసు ఎందుకని అడగలేదు.

అక్క కామాక్షమ్మ